రెప్ప కోసం

వల్పరైసోలో మా కొండ లిఫ్టుకు
మీట లాగుతూ, చిల్లర లెక్కపెడుతూ
ముప్పై ఎనిమిదేళ్లు గడిపింది మా పిన్ని ఎర్మెలిందా.
అన్ని కాసులు ముట్టుకున్న మనిషికి
చివరికి జమ అయినవి నీటికాసులు.

నొప్పి లేదు. ఎరుపు లేదు.
ఎడమవైపు మెట్టు మీద పడుకునే పసుపు పిల్లి
ఒకరోజు కాలికింద పడి అరిచింది, అంతే.
"ఇదెప్పుడొచ్చి పడుకుంది?" అంది పిన్ని.
పిల్లి ఎప్పుడూ అక్కడే ఉంది.
చూపే, వీధి చివర దుకాణాల్లా,
అంచునుంచి ఒక్కో తలుపూ దించుకుంటూ వస్తోంది.

పోయింది రాదు, అన్నాడు డాక్టర్ ఓయార్సున్,
ఉన్నది నిలబెట్టుకుందాం.
రాత్రికి ఒక్క చుక్క, ఎడమ కంట్లోనే.
రెండు వేస్తే రెట్టింపు మేలు కాదు,
ఉన్న మేలు కూడా తగ్గుతుంది.

చుక్క తనే వేసుకునేది,
సీసా మూతి రెప్పకు తగలకుండా, ఊపిరి బిగబట్టి.
నొక్కడం నా వంతు:
మూసిన కంటి మూలన, ముక్కు పక్కన, నా వేలు,
రెండు నిమిషాలు.
చెంపమీదికి జారిన తడి తుడిచేదాన్ని.
తుడవకపోతే అక్కడా వెంట్రుకలొస్తాయట.
"రానీ, గడ్డం పెంచి కెప్టెన్నవుతా," అనేది.

మూడో నెలకు ఆ ఎడమకంటి రెప్పలు
నల్లగా, బారుగా, కొసలు పైకి తిరిగి.
కుడికన్నుకు డెబ్బై ఒకటి, ఎడమదానికి ఇరవై.
నేను పార్లర్లో ఊళ్లో వాళ్లందరికీ రెప్పలు అతికిస్తాను.
నావి జిగురుకు రాలి, బోసి.

చెప్పకుండా తీసుకున్నాను.
ఆమె నిద్రపోయాక, వంటింట్లో, దీపం వెయ్యకుండా.
మొదటిరాత్రే సీసా మూతి నా కంటికి తగిలింది.
తుడిచి, యథాస్థానంలో పెట్టేశాను.

నెల రావాల్సిన సీసా
ఇరవయ్యో రాత్రికే గాలి ఊదింది.
ఆసుపత్రిలో తేదీ రాకుండా ఇంకోటి ఇవ్వరు.
"నా చేతి వణుకే తాగేసుంటుంది," అంది పిన్ని.
నేను దొంగకు తేలు కుట్టినట్టు
గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

పద్నాలుగు ఉండే ఒత్తిడి ఇరవై ఆరైంది.
పిన్ని కుర్చీలో వెనక్కి వాలి,
"అయితే లిఫ్టు పైకెక్కిందన్నమాట.
మీట ఎవరు లాగారో?"

నేనే, అన్నాను.

డాక్టర్ ఏమీ అనలేదు. లైటు నా వైపు తిప్పాడు.
నా ఆకుపచ్చ కంటిలో, పాప చుట్టూ,
గోధుమరంగు పోగొకటి.
"రెప్పలంటావా, మానేస్తే మళ్లీ మామూలే.
ఈ రంగు మాత్రం బహుశా ఉండిపోతుంది."
ఆ తర్వాత తిట్టాడు, బాగా తిట్టాడు.
రెప్పలే కావాలంటే దానికని వేరే మందుంది,
కన్ను చూపించుకుని, నీ పేర రాయించుకో.
పైరెప్ప అంచునే, ప్రతి కంటికీ కొత్త కుంచెతో.
లెన్సులు తీసి, పావుగంట ఆగాకే మళ్లీ పెట్టు.
ఎర్రబడినా, నొప్పెట్టినా ఆపి రా.
కడుపులో బిడ్డుంటే ముందే చెప్పు.
ఎవరు ఒత్తిడి చూసినా ఇది వాడానని చెప్పు, లేకపోతే
ఆ అంకె అబద్ధమాడుతుంది, నీలాగే.

దిగి వస్తుంటే పిన్ని నా చెయ్యి పట్టుకోలేదు.
ఎడమవైపు మెట్లు కాలితో వెతుక్కుంది.
చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే:
కంటికి రెప్పలా చూసుకోవాలని.
రెప్ప కోసం కన్నునే దోచుకుంటారని
ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికొస్తుంది?

వారం మాట్లాడలేదు.
ఎనిమిదో రాత్రి కొత్త సీసా సీలు విప్పి
దానిమీద మార్కరుతో తేదీ రాసింది,
నాలుగు వారాల తర్వాత పారేసే తేదీ,
లిఫ్టు టికెట్ల మీద వేసే పెద్ద అంకెలతో.
చుక్క వేసుకుని కన్ను మూసింది.
"నిలబడ్డావేం," అంది, "నొక్కు."

నా వేలికింద సన్నగా ఏదో కొట్టుకుంటోంది.
రెండు నిమిషాలని చెప్పారు.
నేను మూడు లెక్కపెట్టాను.