దారానికి కట్టిన పెన్సిలు

ఉదయం ఏడింటికి థ్రాక్స్‌బీ గ్రామ హాలు తలుపు తీశాను.
రాత్రి వానకు తడిసిన కుక్క ఒకటి
అప్పటికే వరసలో ఉంది.
దాని వెనక ఈనిడ్ టర్వీ, ఎనభై నాలుగేళ్ళు.

ఇక్కడ వేలికి సిరా పూయరు.
దారానికి కట్టిన పెన్సిలు ముక్క ఇస్తారు.
ఒంగోలులో నెల్లాళ్ళు గోటిమీద మోసిన మచ్చ గుర్తొచ్చి
మొదటి ఏడాది అడిగాను:
"పెన్సిలేమిటండీ, ఎవరైనా చెరిపేస్తే?"
"చెరిపే ఓపిక ఎవరికుందమ్మా," అంది ఈనిడ్,
"మా తాత మీసం నల్లగా ఉన్నప్పటినుంచీ
గెలిచేది ఒక్క రంగేగా."

ఓటర్ల కంటే గొర్రెలెక్కువ ఈ నియోజకవర్గంలో.
బస్సు మంగళవారం, శుక్రవారం.
రైలు పట్టాలు పీకేసిన దారిలో బ్లాక్‌బెర్రీ ముళ్ళు.
కోళ్ళ ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు
రొమేనియా భాషలో నిట్టూరుస్తూ
ఓటు లేని చేతులతో హాలు దాటిపోతారు.

నూట తొంభై ఏళ్ళ కింద ఇక్కడ
ఓటంటే గొంతు.
సంత మధ్య చెక్కమెట్లెక్కి
నీ పేరు, నీవాడి పేరు చెప్పి
గుమాస్తా రాసుకునేదాకా నిలబడాలి.
ఎదురుగా గుర్రంమీద ఏవరిల్ దొరగారి దివాను.
పక్కనే మూతలు తీసిన బీరు పీపాలు.

ఆ పుస్తకం కౌంటీ కచేరీలో ఉంది. పోయిన శీతాకాలం చూశాను.
నీలానికి నూట ముప్ఫై రెండు, పసుపుకి పదకొండు.
పదకొండులో ఏడో పేరు:
టర్వీ, జోబ్. బండిచక్రాలు చేసేవాడు.
పసుపు.
మా వైపు గడపకు పూసే రంగు
అతని గడప ఊడబెరికింది.
మార్చి నెలాఖరు కౌలు లెక్కలో
అతని పేరుమీద గీత, పక్కన "ఖాళీ".

ఈనిడ్ ఓటు కాగితాన్ని
మందు పొట్లంలా నాలుగు మడతలు పెడుతుంది.
యాభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడికీ చెప్పలేదట.
"అడిగేవారా?"
"ప్రతిసారీ. ప్రతిసారీ ఒక్కో అబద్ధం చెప్పాను."

అప్పుడు చెప్పాను జోబ్ సంగతి.
"పసుపా?" అని కళ్ళజోడు తుడుచుకుంది.
"మూర్ఖుడు."
కుక్కను లాక్కుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మోర్వెన్ పైక్ వచ్చింది.
ఆకుపచ్చ రోజెట్టు. నాలుగోసారి
డిపాజిట్ పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న చిరునవ్వు.
మాకోసం అల్లం బిస్కెట్ల డబ్బా తెచ్చింది.
రూలు పుస్తకం తిరగేశాం. తీసుకోకూడదట.
పీపాలు దొర్లిన ఊళ్ళో
బిస్కెట్టు వాసన చూస్తూ కూర్చున్నాం.

వచ్చేసారికి ఈ హాలు వేరే నియోజకవర్గం.
లండన్‌లో ఎవరో లెడ్ నది వెంబడి గీత గీశారు.
ఈవలివాళ్ళమంతా ఇకనుంచి పట్నం లెక్క.
నదికి మాత్రం కబురందినట్టు లేదు,
వరదొస్తే రెండు వైపులా వస్తోంది.

పదికి ఐదు నిమిషాలు. సీళ్ళు తీసి పెట్టుకుంటున్నాం.
తలుపులో టార్చి వెలుగు, తడికుక్క.
"మీరు పొద్దున్నే వేసేశారుగా?"
"అందుక్కాదు."
కోటు గుండీ ఒకటి పెట్టుకుంది, విప్పింది.
"గట్టిగా అన్నాడా?
పుస్తకంలో ఉందా అది?"

లేదన్నాను.
కాసేపు పెట్టెవైపే చూసింది.
పెన్సిలు దారానికి ఇంకా ఊగుతోంది.