చల్లారేదాకా

బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాను.
వెచ్చగా ఉంది.
నేనొస్తున్నానని ముందే ఓ చుట్టు తిప్పి ఉంచాడన్నమాట.
"చల్లారాక వింటాను బాబూ" అని
అతని గుమ్మం మెట్ల మీదే కూలబడ్డాను.

లైమా ఊళ్లో మార్చి నెలాఖరు.
రోడ్ల అంచున చలికాలపు ఉప్పు ఇంకా తెల్లగా.
ఎదురుగా అది:
ముదురు నారింజ రంగు, ఎనిమిది సిలిండర్లు,
చేత్తో వేసే గేర్లు, ఎనభై ఒక్క వేల మైళ్లు.
ఎవరో పేరు తప్పుగా పిలిచినట్టు
కనుబొమలు ముడేసుకున్న మొహం.

"రేసులకి ఎప్పుడూ తీసుకెళ్లలేదండీ."
నేనడగందే!
గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు.
ముందు టైర్ల గాట్లు లోతుగా ఉన్నాయి,
వెనకవి రెండూ నున్నటి గుండ్లు.
చక్రాల గూళ్లలో కరిగి అంటుకున్న రబ్బరు
గిన్నె అడుగున మాడిన పాలలా.

కాఫీ తెచ్చాడు.
ఎడమ చెవి ఒక్కటే ఎర్రబడి ఉంది.
ఆ చెవి నాకు తెలుసు.
పద్నాలుగో నంబరు స్కూలు బస్సు, ఆఖరి సీటు,
సీటు కింద బబుల్‌గమ్,
"నేను కాదు మిస్ లవోన్."

"గారెట్?"
కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ తర్వాత అబద్ధాలు లేవు.
మూతపడ్డ మాల్ వెనక, శనివారం రాత్రుళ్లు.
పందెంలో ఒకసారే గెలిచాడట.
జూన్‌లో రెండో బిడ్డ,
పిల్లల సీట్లు రెండు ఇందులో పట్టవు.
అది చెప్పేటప్పుడు కారు వైపు చూడలేదు.

ఇంజను చల్లారింది. తాళం తిప్పాను.
పక్కగదిలో ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు
టిక్ టిక్ టిక్.
పొగగొట్టం దగ్గర బోల్టు విరిగింది,
వేడెక్కితే ఈ చప్పుడు దాక్కుంటుంది.
పద్దెనిమిది వందల డాలర్లు తగ్గాయి.
చెవి మామూలు రంగుకొచ్చింది.

ముప్పై ఒక్క ఏళ్లు
వెనక అరవై గొంతులు మోస్తూ
పాతిక మైళ్ల వేగం దాటని కాలు ఇది.
ఇవాళ వెనక ఎవరూ లేరు.

వీధి చివర రైలు పట్టాలు.
కాలు తనంతట తానే బ్రేకు తొక్కింది.
చెయ్యి తలుపు తీసింది. చెవి పెట్టాను.
అటు లేదు. ఇటు లేదు.
వెనక పికప్ వాడు హారన్ మోత.

తలుపు వేశాను.
పట్టాలు మెల్లగానే దాటించాను,
చివరి చక్రం దాకా.

అప్పుడు, రెండో గేరు.