నోటికి వెల

బీట్ దుంపల లారీ తోలే లవోన్ స్కార్
శనివారం పొద్దున్నే హ్యాంగర్ తలుపు తోసుకొచ్చి
బల్లమీద ఒక కవరు పెట్టింది.
నేను చూడనట్టే
స్పార్క్ ప్లగ్ తుడుస్తూ కూర్చున్నాను.

"గంటకెంతో నువ్వు చెప్పవు,
అందుకని నేనే లెక్కేశాను" అంది.

లెక్క తప్పలేదు.
లెక్కెయ్యడమే తప్పు.

ఈ విమానం నేను కట్టుకున్నది.
నార్త్ డకోటాలో తొమ్మిది చలికాలాలు,
పదమూడు వేల పైచిలుకు రివెట్లు.
వాటిలో నలభై ఏడు పీకి మళ్ళీ కొట్టినవి,
ఏవేవో ఇప్పటికీ చీకట్లో తడిమి చెప్పగలను.
తలుపు పక్కన రెండంగుళాల అక్షరాల్లో
'ప్రయోగాత్మకం' అని ఉంటుంది.
లోపల ఇంకో రేకు:
ఇది ఇంట్లో కట్టింది,
మామూలు విమానాల కొలతకి తూగదు,
ఎక్కేవాళ్ళు తెలిసి ఎక్కండి.
ఎవరొచ్చినా దాన్ని పైకి చదివించాకే
బెల్టు బిగించనిస్తాను.
లవోన్ చదివి,
"పెళ్ళిరోజు మా ఆయన మెడలో
ఎవరన్నా ఇది తగిలించాల్సింది" అంది.

రూలు నాకు అర్థమైనంతలో ఇదీ:
నీ విమానంలో నీ పక్కన కూర్చుని
కుడికాలు, కుడికాలు! అని అరిస్తే
ఆ అరుపుకి డబ్బు పుచ్చుకోవచ్చు.
అదే అరుపు నా విమానంలో అరిచి
పైసా ముట్టుకుంటే తప్పు,
ఆఫీసు నుంచి అనుమతి ఉత్తరం ఉంటే తప్ప.
నోటికి వెల ఉంది.
రెక్కకి లేదు.

ప్రతిఫలమంటే నోట్లే కాదట.
పెట్రోలు పోయించుకున్నా అంతేనేమో,
గుమ్మం ముందు మంచు ఎత్తించుకున్నా అంతేనేమో.
వాళ్ళ చెల్లెలు పంపిన తేనె సీసా సంగతి
ఫోన్‌లో ఆఫీసు కుర్రాణ్ణి అడిగాను.
చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
తర్వాత, "ఎంత తేనె?" అన్నాడు.

నవ్వుకున్నాను గాని
రూలు మీద నాకు కోపం లేదు.
ఏ రూలైనా ఎవరి ఎముకో విరిగాకే పుడుతుంది.
ఆర్విడ్ తూన్ తను కట్టిన విమానాన్ని
ఎవర్నీ అడక్కుండా ఎక్కి
పొద్దుతిరుగుడు చేలో దిగాడు,
తలకిందులుగా.
పాత శిక్షణ విమానాల స్టిక్ ఎద్దులాంటిది, తోస్తే గాని కదలదు.
మావాటికి చెయ్యి అక్కర్లేదు,
తిప్పుదామన్న ఆలోచన చాలు.
లవోన్ గరాజులో లారీ టైర్ల మీద
ఆరేళ్ళుగా ఆరుతున్న రెక్కలూ ఇలాంటివే.
నేర్చుకుంటే నా దాంట్లోనే నేర్చుకోవాలి.

కవరు తిరిగిచ్చేశాను.
ఏం నేర్పుతానో, ఎన్ని గంటలో
పేజీలకి పేజీలు రాసి పోస్టు చేశాను.
చలికాలమంతా ఊరికే నేర్పాను.
చక్రాలు నేలకి తగిలిన ప్రతిసారీ
"క్షమించు" అనేది లవోన్.
గాలి తోసినా క్షమించు,
నేను తోసినా క్షమించు.
ఉచితంగా పుచ్చుకునేవాళ్ళు
ధైర్యంగా తప్పు కూడా చెయ్యలేరని
నలభై ఏళ్ళు నేర్పాక
అప్పుడు తెలిసింది నాకు.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది.
గంటకింత అని మొదటిసారి నోరు విప్పి చెప్పాను.
చెక్కు చించి ఇచ్చింది, ఎగిరాం.
దిగేటప్పుడు నేను కుడికాలు అనబోతే
"ఆగు, డబ్బిచ్చాను, నన్ను తప్పు చెయ్యనీ" అంది.
చేసింది. రెండుసార్లు ఎగిరెగిరి పడ్డాం.
మూడోసారి
పాలగిన్నె దించినట్టు దించింది.

తన విమానం ఆ మరుసటేడు లేచింది.
పరీక్ష గంటలన్నీ ఒక్కతే ఎగిరి ముగించి
తనిఖీ పాఠానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.
ఆమె రెక్క, నా నోరు.
ఈసారి ఏ ఉత్తరమూ అక్కర్లేదు.
రెడ్ రివర్ మీద అడ్డగాలి
కోసుకుపోతోంది.
కుడికాలు అనే మాట
నాలుక చివర దాకా వచ్చి
అక్కడే కూర్చుంది.
అనలేదు.
దిగాం.

సాయంత్రం చెక్కు తీసి చూశాను.
ఎందుకు అని రాసే గీత మీద,
బీట్ లారీ రసీదులు రాసే ఆ దస్తూరీతో,
ఒకే మాట:
'మాట్లాడనందుకు.'