కొలతల పుస్తకం

ఆ వారం నా షాపుకి పదిహేడు జాకెట్లొచ్చినాయి.
కొత్తవి కావు. నేను కుట్టిచ్చినవే.
మెడ కొంచెం పైకి, అక్కా.
చేతులు మోచేతి దాకా.
వెనక ఆ కిటికీ మూసెయ్యి.
ఎందుకని వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.
గార్మెంట్సు సెకండ్ షిఫ్టు వదిలినాక
ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందులో ఆ పిల్లకేమయిందో
లగ్గెరె మూడో క్రాసుకంతా తెలుసు.

తెలిసింది అంతే అయ్యుంటే బాగుండు.
కొళాయి కాడ ఇంకా చానా తెలుసు:
మెయిన్ రోడ్డుండగా ఆ సందెందుకంట,
ఫోను చూసుకుంటా నడిచిందంట,
అందరితో నవ్వుతా మాట్లాడే పిల్లేలే.
ముల్లొచ్చి అరిటాకు మీద పడినా, అని
బిందె ఎత్తుకుంటా తిప్పమ్మ సగంలో వదిలేస్తే
మిగతా సగం పూర్తి చేసింది నేనే,
పంటి కింద దారం తెంపుతా.

జాకెట్టుకి ముప్పై. ఐదువందల పది రూపాయలు.
భయానికి ఇంత గిరాకీ ఉంటాదని
ఇరవై ఏండ్లు మిషను తొక్కినా నాకు తెలీదు.

ఆదివారం వినాయకుడి షెడ్డులో మీటింగు.
కన్నడంలో ఒకాయన, తమిళంలో ఒకాయన,
మన తెలుగులో మేస్త్రీ గంగరాజు,
మూడు భాషల్లోనూ ఒకటే మాట:
"ఆ పొద్దు ఏం బట్టలేసుకునింది?"

వాళ్ళెవరికీ తెలీదు. నాకు తెలుసు.
చంకలో పుస్తకం ఎందుకు పెట్టుకుపోయినానో గానీ
నలభై మూడో పేజీ తీసి
పేరు మీద బొటనవేలు ఆనించి చదివినా.
పొడవు నలభై రెండు.
చేతులు పదిహేడు.
కాలరు మెడ, గుండీలు పైదాకా.
లైనింగు ఉంది.
కుడిపక్క జేబు, బస్ పాసుకి, అడిగి పెట్టించుకునింది.
దాని మీద కంపెనీ నీలం కోటు.
అడ్వాన్సు నూరు, బాకీ యాభై.
"ఇంకా గుడ్డ కావాలంటే తెచ్చియ్యండి సామీ, కుడతా.
ఎన్ని మీటర్లకి వాని చెయ్యి ఆగుతాదో
ఆ కొలత మాత్రం మీరే చెప్పండి."

షెడ్డు రేకు మీద కాకి నడుస్తాంటే వినపడింది.

అప్పుడు వెనక వరసలోంచి షాహతాజ్,
చెక్కింగ్ టేబుల్ కాడ పనిచేసే పిల్ల,
"పుస్తకం మూసెయ్ అక్కా" అనింది.
"చేతుల్లేని జాకెట్టయితే
ఇట్లనే లేసి చదివేదానివా?"

పుస్తకం మూసేసినా.
గెలిచినాననుకున్న ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలీలేదు.

ఆ రాత్రి నుంచి నా కాలి మిషను సందు మొదట్లో.
షిఫ్టు దిగినోళ్ళు దిగినట్టే వచ్చి కూచుంటారు,
పీటలు, ఫ్లాస్కులో టీ, నిద్రపోయే చంటిది.
దారిన పోయే ప్రతి మొగోన్నీ తిప్పమ్మే ముందు అడుగుతాది:
యాడికి, నాయనా? ఈ టైములో?
ఇంట్లో చెప్పొచ్చినావా? తోడెవరూ లేరా?
మొదట్రోజు నవ్వినారు.
మూడో రోజు ఒకడు జవాబు చెప్పినాడు, తల వంచుకుని.
దారికి అడ్డమని గంగరాజు కంప్లయింటు రాసినాడంట. రాసుకోనీ.

జాకెట్లు తిరిగి విప్పించుకోను ఐదుగురొచ్చిరి.
పన్నెండుమంది రాలేదు.
పద్దెనిమిదోది ఒకటుంది, లెక్కలో రాయలేదు,
నా కూతురిది. ఎవరూ అడక్కుండానే
నేనే మెడ పైకి ఎత్తినా.
బ్లేడు పట్టుకుంటే ఇప్పటికీ వేలు వణుకుతాది.

నిన్న మధ్యాన్నం ఆ పిల్లే వచ్చింది.
బాకీ యాభై మిషను మీద పెట్టింది.
పాత డ్రెస్సు స్టేషన్లో మూట కట్టి సీలేసినారంట,
ఇంకోటి కావాల.
మెడలో టేపు తీసి దగ్గరికి పోబోయి
ఆమె భుజం బిగిసేది చూసి నిలబడిపోయినా.
టేపు ఆమె చేతికిచ్చినా.
కొలుచుకుంటా ఒక్కో అంకె చెప్పింది, రాసినా.
"మెడ?" అన్నా.

అద్దంలో చూసుకుంటా ఉంది.
పెన్సిలు పట్టుకుని కాచుకోనుండా.