బట్టు నంబరు నలభై మూడు

కొత్త ఎస్సై పిల్లగాడు అడిగినాడు,
టీ గ్లాసు ఇంకా సగం ఉండంగానే:
"దస్తగిరన్నా, ముప్పై ఒక్క ఏండ్లు రివాల్వర్లు విప్పి బిగించినావు గదా,
అన్నిట్లోకీ గురి గలది ఏది?"

ఏదని చెప్పాల.
ఆలూరు జిన్నింగు మిల్లు షావుకారుది ఒక స్మిత్,
ఎలక్షనొస్తే స్టేషన్లో జమ చేసేటోడు,
పట్టుగుడ్డలో చుట్టి, కూతుర్ని అత్తగారింట్లో వదిలినట్ల.
ట్రిగ్గరు నొక్కితే వెన్నలో దారం దిగినట్లుండేది.
గురికేం, మా గొప్ప గురి.
కానీ దానికి నా చెయ్యి తెలీదు, నాకు దాని మనసు తెలీదు.
కాన్పూరు ముప్పై రెండులు శానా చూసినా,
కొత్త చెప్పుల మాదిరి కరిచి కరిచి దారికొస్తాయి.
కొన్ని రావు.

నాకు తెలిసిన గురి మా బెల్లాఫారమ్స్ మూలలోనే ఉండె.
బట్టు నంబరు నలభై మూడు, పాత వెబ్లీ.
నీలం రాలిపోయి సత్తుచెంబు రంగు తేలింది.
పిడి కింద తాడు కట్టే రింగు,
ఆ రింగులో దొరల కాలం నాటి తుప్పు.
ఎవరూ తీసుకోరు. రైటరు సుంకన్నకు మిగిలింది.

జగన్నాథ గట్టు పక్కన ఫైరింగు.
గాలి లేచేలోపల, పొద్దున ఆరింటికే
గోనెసంచులకు కాగితాలు కుట్టేటోళ్ళం.
సుంకన్న చెయ్యి వణుకుతాది,
బీడీ ముట్టించుకోవాలంటేనే మూడు పుల్లలు.
అట్లాంటోడు పదిహేను గజాల నుంచి కొడితే
ఐదు గుండ్ల తూట్లు
పాత రూపాయి బిళ్ళ కింద దాచొచ్చు.
ఆరోది మాత్రం నాలుగు వేళ్ళు ఎడమకు.
ఎప్పుడు కొట్టినా నాలుగే వేళ్ళు. ఎడమకే.

రాత్రి బల్బు కింద విప్పి చూసినా.
ఆరు గదుల ఇల్లు గదా అది.
ఐదు గదులు గొట్టానికి తిన్నగా నిలబడతాయి,
ఆరోది వెంట్రుకవాసి అలిగి నిలబడతాది.
సరిచేసే పనిముట్టు నా దగ్గర లేదు.
మా షహనాజు గోళ్ళరంగు ఉండె.
ఎర్ర చుక్క పెట్టి సుంకన్నకు చెప్పినా,
"ఈ చుక్కను నమ్మొద్దు."

నది ఊర్లోకొచ్చిన ఏడు
తుపాకులన్నీ బురద తాగినాయి.
రెండు రాత్రులు కడిగి, తుడిచి, నూనె పెట్టినా.
మూడో రాత్రి నలభై మూడులో గుండ్లు నింపి,
మూసి, సుంకన్న చేతికిచ్చినా.
గంటకు బజారులో ఒక పిల్లోడు
బియ్యం కొట్టు షట్టరు కింద గడ్డపార పెట్టి ఎత్తుతుండె.
టార్చి పడంగానే ఆ గడ్డపారతోనే మీదికొచ్చినాడంట.
సుంకన్న నుదురు చూసి కొట్టినాడు. ఒకటే దెబ్బ.
కుడి చెవి తమ్మె పోయింది.
పిల్లోనికి పంతొమ్మిదేండ్లు.

సుంకన్నకు గురి లేదని నవ్వినారు శాన్నాళ్ళు.
ఎంక్వయిరీలో గుండు లెక్క అడిగినారు,
టైము అడిగినారు, నీళ్ళు ఎంత లోతున్నాయో అడిగినారు.
ఏ గది అని ఎవరూ అడగలేదు.
ఆ రాత్రి మూసింది నేను.
చుక్క యాడ ఆగిందో చూసినానా?
చూసినట్టూ గుర్తు.
చూడనట్టూ గుర్తు.

ఆ పిల్లోడిప్పుడు తుంగభద్రలో వల వేస్తాడు.
రేంజి మట్టికట్టలో పసిపిల్లలు గుండ్లు తవ్వి
కిలో లెక్కన అమ్ముతారు గదా,
ఆ సీసం కొని, కరిగించి, వల అంచుకు కట్టుకుంటాడు.
బిళ్ళ కింద దాగినవీ, నాలుగు వేళ్ళు తప్పినవీ
ఒకే గరిటెలో కరుగుతాయి.
శుక్రవారం నాకు జెల్ల చాపలు ఇచ్చిపోతాడు.
డబ్బులు తీసుకుంటాడు. తక్కువేం తీసుకోడు.

నలభై మూడును కండెమ్ చేసిన రోజు
ఫారం నింపింది నేనే.
గురి అని ఒక గడి, రెండు మాటలకే చోటు.
కలం పట్టుకుని శానాసేపు కూర్చున్నా.
"బాగుంది" అని రాసినా.

"అంటే వెబ్లీనా?" అన్నాడు ఎస్సై,
ఎవరో కంపెనీ పేరు అడిగినట్ల.
"వెబ్లీనే సార్."
టీ చల్లారిపాయ.