పందొమ్మిది నిమిషాలు

కొండపి వేలం కేంద్రంలో సీజన్ అయిపోయింది.
గచ్చు మీది పొగాకు పొడి మాత్రం ఎంత ఊడ్చినా పోలేదు,
నడిస్తే తుమ్మొస్తుంది.
రాత్రి తొమ్మిదికి కొత్త సర్వర్ ముందు కూర్చున్నాను
ఏప్రిల్ పదకొండునాటి రోజునంతా
ఒక ఫైల్లో మూటగట్టుకుని.

ఆ రోజు అడిగిన ప్రతి అడుగూ అందులో ఉంది,
వచ్చిన వరసలోనే.
బేలు నంబరు, తూకం, గ్రేడు, ధర,
నో బిడ్, నో బిడ్, మళ్ళీ తూకం.
మనుషులు లేరు. వాళ్ళు నొక్కిన మీటలున్నాయి.

వాచ్‌మన్ దరియావలి టీ ఫ్లాస్కు పెట్టి అడిగాడు:
"ఏందమ్మా, అయిపోయిన వేలాన్ని మళ్ళా జరిపేది?"
కొత్త ఎద్దుకి బండ కట్టి లాగించి చూడరా, అట్నే, అన్నాను.
"ఎద్దుకైతే ముందు ఉలవలు పెడతారు" అని నవ్వాడు.

మొదటిసారి విరామాలు తీసేసి తోలాను.
గుమాస్తా కళ్ళజోడు తుడుచుకున్న సమయం,
కొనేవాడు ఆకు వాసన చూసి పెదవి విరిచిన సమయం
అంతా కత్తిరించి, ఒకదాని తోక మీద ఒకటి.
ఎనిమిది గంటల పొద్దు
నలభై నిమిషాల్లో కుంకింది.
సర్వర్‌కి చెమటైనా పట్టలేదు.
పాస్ అని రాసేసి పడుకోవచ్చు.

లాగ్‌లో ఒకచోట వేలు ఆగింది.
పదకొండూ నలభై రెండు నుంచి
పన్నెండూ ఒకటి దాకా
ఏమీ లేదు.
నెట్ పోయిందేమో, అన్నాను పైకే.

"నెట్టు కాదమ్మా.
ఆ పూట మాలకొండయ్య తన బేలు మీద కూర్చున్నాడు.
నిన్నటికంటే కిలోకి ముప్పై తక్కువ పాడారని.
అరవలా, తిట్టలా. లెయ్యనన్నాడంతే.
పక్క బేలు మీద ఇంకొకడు కూర్చున్నాడు.
ఆనక వరసంతా."

నా ఫైల్లో దానికి మాట లేదు.
కూర్చోవడానికి క్వెరీ ఉండదు.

మళ్ళీ తోలాను, పదకొండు గంటల దగ్గర్నుంచి,
ఏదీ కత్తిరించకుండా, నడిచిన నడకనే.
ఆ చోటు వచ్చింది.
కదలని తెర ముందు ఇద్దరం.
పైన రేకుల మీద పిల్లి నడిచింది.
టీ మీద మీగడ కట్టింది.
ఎవరూ పలకట్లేదని లోపల ఒక్కో కనెక్షనూ
తలుపేసుకుంటూ పోయింది,
నేను చూస్తూనే ఉన్నాను, నాకు తట్టలేదు.

పన్నెండూ ఒకటికి
అందరూ ఒక్కసారి లేచారు.
మూసిన తలుపులన్నీ ఒకే దెబ్బకి మోగాయి.
సర్వర్ ముందుకాళ్ళు విరిగి
గచ్చు మీద కూలబడింది.

ఫెయిల్ అని రాశాను.
కారణం గడిలో కర్సరు కొట్టుకుంటూ ఉంది.
"మరి ఆ రోజు ధర పెంచారా?" అడిగాను.
"ఫైలు నీ దగ్గరే ఉందిగా తల్లీ" అని
తాళాలగుత్తి తీసుకుని గేటు వైపు పోయాడు.

వెతికాను.
బేలు మూడు వేల మూడొందల పదిహేడు.
పన్నెండు గంటల ఒక నిమిషం నాలుగు సెకన్లు.

రెండు రూపాయలు.