అయిదు మోతాదుల సీసా

కాటేదాన్‌లో రేకుల ఫ్యాక్టరీ వెనక సందు,
అంగన్‌వాడీ గుమ్మంలో నా నీలం డబ్బా.
మంచు పలకల మధ్య
బొటనవేలంత సీసా, అడుగున చిటికెడు పొడి.
నీళ్లు కలిపితే అయిదుగురికి.
నాలుగు గంటలు దాటితే ఎవ్వరికీ కాదు.

ఆ బుధవారం అంజిలమ్మ ఒక్కతే వచ్చింది.
నారాయణపేట అవతలి ఊరు, ఇటుకలు మోసే పని,
చంకలో తొమ్మిది నెలలు నిండిన శివలీల.
"ఇంకో నలుగురు జమ కావాలె, శనివారం రా"
అన్నాను.
ఒక్క పిల్లకు సీసా విప్పొద్దని
ఏ కాగితంలోనూ లేదు.
ఉన్నదల్లా
ఎంత వృథా, ఎందుకు వృథా, అని అడిగే ఒక గడి.
ఆ గడికి భయపడ్డాను.

శనివారం ఆమెకు పని దొరికింది.
పై బుధవారం నాకు మీటింగు:
మా వార్డు నూటికి తొంభై నాలుగు.
చప్పట్లు కొట్టి సమోసాలు పెట్టారు.
మిగిలిన ఆరుగురూ
ఊరంతా చల్లిన జొన్నగింజల్లా
తలో దిక్కున ఉంటారనుకున్నాం.
వాళ్లు ఒకే సందులో ఉన్నారు,
ఒకే నల్లా దగ్గర,
గోడకు గోడ ఆనిన పద్నాలుగు రేకుల గదుల్లో.

తట్టుకు శాతాలు రావు. ఇళ్లు తెలుసు.

ముందు బిహారీ మేస్త్రీ కొడుకు కళ్లు ఎర్రబడ్డాయి.
పక్కగదిలో కవలలకు దగ్గు.
తల్లి పోసిందని గుమ్మాలకు వేపమండలు కట్టారు.
వద్దనడానికి నాకు నోరు రాలేదు.
నేను ఇయ్యనిదానికి బదులు
ఏదో ఒకటి కట్టుకోవాలి కదా వాళ్లు.

కోరంటి దవాఖానకు ఆటోలో నేనూ ఎక్కాను.
పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది.
చాదర్‌ఘాట్ దాటేదాకా అంజిలమ్మ ఏమీ అనలేదు.
తర్వాత, నా వైపు చూడకుండానే,
"అక్కా, నువ్వు రమ్మన్నది ఏ శనివారం?"

శివలీల బతికింది.
ఎడమ చెవి వైపు నుంచి పిలిస్తే తిరగదు.
కవలల్లో ఒకడి గురించి ఇక్కడ రాయలేను.

ఆ మీదట జీపులొచ్చాయి, మైకులొచ్చాయి,
రేకు తలుపుల మీద సుద్దగీతలొచ్చాయి.
ఒక్కరున్నా విప్పండని సర్క్యులర్ వచ్చింది,
ఎన్నడూ వద్దననట్టు. నిజమే, ఎవరూ అనలేదు.

నిన్న ఒక్క పిల్లాడి కోసం సీసా విప్పాను.
మధ్యాహ్నానికి నాలుగు మోతాదులు పారేశాను.
కారణం అన్నచోట
శివలీల అని రాశాను.

సూపర్‌వైజర్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.
"ఎవరమ్మా ఈమె?
రిజిస్టర్ నంబరు వెయ్యలేదేం?"